మిగిలిన చిల్లర ఎవరి చేతిలో పెడుతున్నాం?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పాఠకుల లేఖల్లో నెల్లూరు నుంచి ఒకాయన రాసింది చదివాను. సెలూన్లో రేటు బోర్డు గోడకే ఉంది కదా, ఆ రేటు కట్టాక మళ్లీ పదో ఇరవయ్యో టిప్పు ఎందుకివ్వాలి, ఈ అలవాటు పెద్ద పట్నాల నుంచి మన ఊళ్లకు పాకి పని చేసుకునే మనిషిని చెయ్యి చాచేవాడిగా మారుస్తోంది అని ఆయన బాధపడ్డారు. ఆ లేఖ రెండుసార్లు చదువుకున్నాను. అందులో సగం నా మనసులో మాటే. మిగతా సగానికి జవాబు రాయకుండా ఉండలేకపోయాను. కాస్త పొడుగైంది, మన్నించండి.

నేను కావలి డిపోలో ఆర్టీసీ కండక్టరుగా 32 ఏళ్లు చేసి 2017లో రిటైరయ్యాను. నా బతుకంతా చిల్లరతోనే గడిచింది. అయితే కండక్టరుకు టిప్పు తీసుకునే వీల్లేదు. డ్యూటీ ఎక్కేముందు జేబులో సొంత డబ్బు ఎంతుందో ఎస్సార్ అనే డ్యూటీ లెక్కల కాగితంలో రాసుకోవాలి. దారిలో చెకింగ్ వాళ్లు ఎక్కి బ్యాగు లెక్కపెడితే టికెట్ల డబ్బుకన్నా తక్కువున్నా తప్పే, ఎక్కువున్నా తప్పే. చిల్లర లేనప్పుడు టికెట్ వెనక బాకీ రాసిచ్చేవాళ్లం. కొందరు దిగేటప్పుడు గుర్తుపెట్టుకుని అడిగేవాళ్లు, కొందరు మరిచిపోయేవాళ్లు. ఇంకొందరు ‘ఉంచుకో’ అని దిగిపోయేవాళ్లు.

1994లో అనుకుంటా, ఉదయగిరి సర్వీసులో ఉన్నాను. కలిగిరిలో దిగాల్సిన పెద్దమనిషికి రెండు రూపాయలు బాకీ. తెల్లచొక్కా, వేళ్లకు ఉంగరాలు. ఇవ్వబోతే ‘ఉంచుకోరా, టీ తాగు’ అన్నాడు బస్సు బస్సంతా వినేలా. నేను డ్రైవరన్నకు చెప్పి బండి ఆపించి, దిగి వెళ్లి ఆ రెండు రూపాయలు ఆయన చేతిలో పెట్టి వచ్చాను. ఆ పూట అన్నం సయించలేదు. రెండు రూపాయల గురించి కాదు, ఆ ‘రా’ గురించి. కాబట్టి టిప్పు తీసుకునేవాడికి మనసులో ఏమవుతుందో ఆ నెల్లూరు పాఠకుడికన్నా నాకు కొంచెం ఎక్కువే తెలుసు. ఆ రోజు నుంచి ఎవరికీ టిప్పు ఇవ్వకూడదనే అనుకున్నాను. ఇస్తే వాళ్లను కించపరిచినట్టే అనుకున్నాను. చాలా ఏళ్లు అట్లాగే ఉన్నాను కూడా.

ఆ ఆలోచన మారడానికి మా ఊళ్లో ఒక చిన్న షాపు కారణం. అది బస్టాండుకు వెనక సందులో ఉంది. మూడు కుర్చీలు, ఎదురుగా బెంచీ, మూలన కూలర్. ఓనరు మా పల్లెవాడే, జలదంకి పక్కన. నాకన్నా నాలుగేళ్లు చిన్న, నన్ను అన్నా అంటాడు. రెండో కుర్చీ దగ్గర పాతికేళ్ల కుర్రాడు. మూడో కుర్చీ దగ్గర ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన పిల్లవాడు. ఓనరుకు భుజం పట్టేసినప్పటి నుంచి నా గెడ్డం, కటింగు రెండో కుర్చీ కుర్రాడే చేస్తున్నాడు. చెయ్యి చాలా మెత్తన. చెవి వెనక కత్తి పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటాడు, అది నాకు మెడ మీద తెలుస్తుంది.

ఆ పిల్లవాడి పని గంటలు బెంచీ మీద కూర్చుని గమనించాను. రిటైరైన మనిషికి ఇంకేం పని. ఉదయం ఎనిమిదికి షట్టర్ లేస్తే రాత్రి తొమ్మిది దాటాకే దిగుతుంది. మంగళవారం ఒక్కటే సెలవు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అన్నం తింటాడు, అదీ నిలబడి. పాతికేళ్లకే పిక్కల మీద నరాలు తేలి ఉన్నాయి. కార్తీకం మొదలై జనం అయ్యప్ప మాలలు వేసుకుంటే సంక్రాంతి దాకా బేరం సగానికి పడిపోతుంది. అతనికి జీతమంటూ లేదు. చేసిన పనిలో సగం ఓనరుది, సగం అతనిది. కటింగు 120 అయితే అతనికి అరవై. అద్దె, కరెంటు, బ్లేడ్లు, క్రీములు ఓనరు పెట్టుకుంటాడు. ఇందులో ఎవరికీ అన్యాయమేమీ లేదు, చాలా షాపుల్లో పద్ధతే ఇది. కానీ బేరం లేని రోజున ఓనరుకు షాపన్నా మిగులుతుంది, ఆ కుర్రాడికి ఏమీ మిగలదు.

అది చూసి ఇవ్వడం మొదలుపెట్టాను. గెడ్డానికి ఐదు, కటింగుకు ఇరవై. మొదట్లో నోట్లు ఇచ్చి, తిరిగొచ్చిన చిల్లరలోంచి తీసి అతని చేతిలో పెట్టేవాణ్ణి. తర్వాత మా అబ్బాయి నా ఫోన్లో ఫోన్‌పే పెట్టాడు. గోడ మీద కార్డును స్కాన్ చేసి గెడ్డానికి 65, కటింగుకు 140 కొట్టి, ‘పైది నీకు నాయనా’ అని చెప్పి వచ్చేవాణ్ణి. ‘సరే సార్’ అనేవాడు. ఏడాదిన్నర అట్లా జరిగింది.

పోయిన కార్తీకంలో ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. ఓనరు భోజనానికి పోయాడు. స్కాన్ చేస్తుంటే ఎందుకో అనుమానం వచ్చి అడిగాను, ‘ఇది నీకు అందుతోందా?’ అని. అద్దంలోంచి నా వైపు చూసి తల దించుకున్నాడు.

‘ఆ కార్డు ఓనరుది సార్. డబ్బులు ఆయన ఎకౌంట్లో పడతాయి. రాత్రికి ఎన్ని కటింగులు, ఎన్ని గెడ్డాలని లెక్క చూసుకుని సగం ఇస్తాడు.’

‘మరి నేనిచ్చే పైడబ్బు?’

‘అది లెక్కలోకి రాదు సార్.’

‘ఇన్నాళ్లూ చెప్పలేదేం?’

‘ఎట్టా చెప్పేది సార్. మీరు మంచి మనసుతో ఇస్తన్నారు. అడిగితే ఓనరు మీద చెప్పినట్టుంటాది.’

కండక్టరుకు లెక్క వేయడం ఎంతసేపు? వారానికి రెండు గెడ్డాలు, నెలకు ఒక కటింగు. నెలకు అరవై. పద్దెనిమిది నెలలకు 1,080 రూపాయలు. నేను అతనికి ఇచ్చానని ఏడాదిన్నరగా అనుకుంటున్న డబ్బు అతని చేతికి ఒక్క రూపాయి కూడా చేరలేదు. ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే బ్యాగులో లెక్క తప్పినప్పుడు పట్టే చెమట పట్టింది.

ఓనరుతో మాట్లాడాను. అతను మోసగాడు కాదు. ఫోన్ తీసి నా ముందే చూపించాడు. ‘నేను కటింగుల లెక్కే చూస్తా అన్నా. రోజుకు యాభై మంది కొడతారు, ఎవురు ఎంత కొట్టారో నాకెట్టా తెలుస్తాది?’ అన్నాడు. నిజమే. ఎవరూ తప్పు చేయలేదు, డబ్బు మాత్రం దారి తప్పింది. నోట్లు నడిచే కాలంలో మిగిలిన చిల్లర పని చేసిన చేతిలోనే పడేది, ఎందుకంటే చిల్లర తిరిగిచ్చేది ఆ చెయ్యే. ఇప్పుడు గోడకు కొట్టి వెళ్లిపోతున్నాం. పైగా ఫోన్లో కొట్టేటప్పుడు 120 అంటే సరిగ్గా 120 కొడతాం. 150 ఇచ్చి ‘ఇరవై చాలులే’ అనే సందర్భమే లేదు. ఒక్క మాట కూడా అనుకోకుండా ఈ కుర్రాళ్ల రోజువారీ పైడబ్బు ఎండిపోయింది. ఆ నెల్లూరు పాఠకుడు టిప్పులు పెరిగిపోతున్నాయని రాశారు. మా కావలిలో మూడు కుర్చీల షాపుల్లో అవి తగ్గిపోయాయి. కావాలంటే ఏ కుర్రాణ్ణయినా పక్కకు పిలిచి అడగమనండి.

ఆయన చెప్పిన ఒక విషయం మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను. టిప్పు ఇచ్చేవాడికి ముందు కుర్చీ దొరుకుతోందన్నారు. అది మా షాపులోనూ చూశాను. ఆదివారం పొద్దున బెంచీ మీద అయిదుగురు ముసలివాళ్లం కూర్చుని ఉంటే, కారు దిగి వచ్చిన కాంట్రాక్టరు నేరుగా కుర్చీలో కూర్చున్నాడు. వంద రూపాయలు పైన ఇస్తాడని అందరికీ తెలుసు. మాలో ఒకాయన షుగరు మనిషి, ఇంటికి పోయి టిఫిను తిని మాత్ర వేసుకోవాలి. దాన్ని నేను టిప్పు అనను, లంచమే. మన భాషలో ‘మామూలు’ అనే మాటకు ఏ గతి పట్టిందో చూడండి. ఒకప్పుడు దసరా మామూలు అంటే ఏడాదికోసారి సంతోషంగా ఇచ్చే పండగ డబ్బు. ఇప్పుడు ఆ మాట వింటే ఆఫీసు బల్ల గుర్తొస్తోంది. టిప్పు ఆ దారిన పోకూడదంటే పని అయ్యాక ఇవ్వాలి, ఇస్తామని ముందే తెలియనివ్వకూడదు, వరస తప్పించమని అడగకూడదు. బలవంతంగా వసూలు చేయడాన్నైతే చట్టమే ఒప్పుకోదు. హోటళ్లు బిల్లులో సర్వీసు చార్జీ తమంతట తాము కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఇవ్వడం మన ఇష్టం. ఇష్టం కాబట్టే ఎట్లా ఇస్తున్నామో చూసుకోవాలి.

ఇక ఓనరు సంగతి. కుర్రాడి విషయం తెలిశాక నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఓనరును మాత్రం ఎందుకు వదిలిపెట్టాలని, ఒకరోజు అతనే నా గెడ్డం గీస్తే అరవైకి యాభై కలిపి బల్ల మీద పెట్టాను. ఆ యాభై తీసి నా జేబులో పెట్టాడు.

‘షాపు నాది అన్నా. నేను ఒకరి కింద చేసేవాణ్ణి గాదు. నాకు రేటివ్వు, చాలు. రేటు పెంచిన రోజున మీరందరూ గొడవ పెట్టుకోకుండా ఉంటే అదే నాకు పదివేలు.’

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఆమధ్య ఊళ్లో షాపుల వాళ్లంతా కలిసి కటింగు వంద నుంచి 120 చేసినప్పుడు ఆ బెంచీ మీద పెద్ద రభస జరిగింది. ‘గాలికి పెరిగే వెంట్రుకలకు నూటిరవయ్యా’ అని ఒకాయన చొక్కా విదిలించుకుని లేచిపోయాడు. అదే మనిషి హోటల్లో దోసె తిని సర్వరుకు పది రూపాయలు ప్లేటు కింద పెట్టడం నా కళ్లతో చూశాను. ఆ రోజు నేను ఒక్క మాట మాట్లాడలేదు. అద్దె ఎంత పెరిగిందో, బ్లేడు పెట్టె ఎంతయిందో నాకు తెలుసు, తెలిసీ ఊరుకున్నాను. అందుకని ఇప్పుడైనా చెబుతున్నాను. సొంత షాపు నడుపుకుంటూ తానే కత్తి పట్టే మనిషికి టిప్పు అక్కర్లేదు. అతను అడిగే రేటును మారు మాట్లాడకుండా ఇవ్వాలి. ఒకరి దగ్గర సగానికి చేసే కుర్రాడి సంగతి వేరు. ఈ రెండింటినీ కలిపి ‘సెలూన్లో టిప్పు ఇవ్వాలా వద్దా’ అని ఒకే ప్రశ్న వేస్తే జవాబు దొరకదు.

అతను నా యాభై తీసుకోకపోవడం నాకు కొత్త కూడా కాదు. 2011లో మా నాయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పూర్తిగా పడిపోయి పద్నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. గెడ్డం పెరిగితే దురదకు ఎడమ చేత్తో గోక్కుని పుండ్లు చేసుకునేవాడు. నేను సేఫ్టీ రేజరుతో గీయబోయి రెండుసార్లు కోశాను. మూడోసారి ఇతన్ని అడిగాను. ఆదివారం షాపు వదిలి రాలేడు. అందుకని తనకున్న ఒక్క సెలవు, మంగళవారం, వారం వారం మా ఇంటికి వచ్చేవాడు. మంగళవారం ఎవరూ గెడ్డం గీయించుకోరని మా అమ్మ కాస్త సందేహించింది. ‘పెద్దమ్మా, మంచంలో ఉన్న మనిషికి వారమేంది, వర్జ్యమేంది’ అన్నాడు.

వచ్చి ముందు గోరువెచ్చటి నీళ్లు అడిగేవాడు. తువ్వాలు తడిపి పిండి నాయన మొహం మీద కాసేపు కప్పి ఉంచేవాడు. పడిపోయిన వైపు చెంప జారి ఉంటుంది కదా, బొటనవేలితో దాన్ని మెల్లిగా పైకి లాగి పట్టుకుని, గడ్డం గీసి, మళ్లీ మెల్లిగా వదిలేవాడు. పటిక రాసేవాడు. గిన్నెలో నీళ్లు పెట్టి కాళ్ల గోళ్లు నానబెట్టి తీసేవాడు. అది చూసి నేను చాలాసార్లు బయటికి పోయేవాణ్ణి. అంతసేపూ నాయనతో మాట్లాడుతూనే ఉండేవాడు, జవాబు వస్తున్నట్టే. ‘పెదనాయనా, ఈసారి జొన్నవాడ తిరునాళ్లకు పోదామా’, ‘కాలవకు నీళ్లొదిలారంట, మీ చేను తడిసుంటాది’. మా నాయన కళ్లు అతని మొహం మీదే ఉండేవి. మేమంతా మందు మింగావా, నొప్పి ఉందా అనే అడుగుతున్నాం. చేను తడిసిందని చెప్పింది అతనొక్కడే.

మొదటి వారం నేను వంద నోటు ఇచ్చాను. తన షాపు రేటు ముప్పై తీసుకుని మిగతా డెబ్బై నాయన దిండు కింద పెట్టి పోయాడు. తర్వాత నేను బలవంతపెడితే, ‘ఇంటికొచ్చినందుకని తీసుకుంటే ఇది వేరే పనైపోతాది అన్నా’ అన్నాడు. నాయన పోయాక కర్మల రోజున వచ్చి చేయవలసింది చేశాడు. ఆ రోజు కొత్త పంచె, బియ్యం, తాంబూలంలో దక్షిణ పెట్టి ఇస్తే రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. దిండు కింద పెట్టిన డెబ్బైకీ, కళ్లకద్దుకున్న ఆ దక్షిణకూ తేడా ఏమిటో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. ఒకటి నేను ‘పాపం’ అనుకుని ఇవ్వబోయింది. రెండోది అతనికి రావలసింది.

ఆ రావలసిందనే పద్ధతి మన దగ్గర పాతదే, పట్నాల నుంచి రాలేదు. నా చిన్నతనంలో మా పల్లెలో క్షవరానికి డబ్బులు లేవు. కోతలయ్యాక కళ్లంలోనే ఏడాది గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు, మేర అనేవాళ్లు. మా నెల్లూరు కొలతలో పుట్టి అంటే 850 కిలోలు, ఇరవై తూములు. మా ఇంట్లో మగవాళ్లం ఆరుగురం. రెండు తూముల మొలగొలుకుల వడ్లు ఈ ఓనరు వాళ్ల నాయనకు మా నాయన కొలిచి పోయడం నాకు బాగా గుర్తు. కొలత అయ్యాక చేత్తో ఇంకో దోసెడు పైన వేసేవాడు. పిల్లలకు పుట్టువెంట్రుకలు తీస్తే వేరే తాంబూలం, పెళ్లికి వేరే బట్టలు. ఆ పైన వేసిన దోసెడే ఇప్పుడు మనం టిప్పు అంటున్నది.

అయితే ఆ రోజులు మంచివని నేను అనను. గింజలు ఇచ్చేవాళ్లు సరే, ఆ మనిషి మా అరుగు మీద కూర్చోకూడదు. తనకన్నా వయసులో పెద్దవాణ్ణి మా నాయనమ్మ ‘ఒరే’ అని పిలిచేది, పేరు కూడా కాదు, కులం పేరుతో. ఆ పిలుపు నా చెవుల్లో ఇంకా ఉంది. 2022 ఆగస్టులో మన ప్రభుత్వం నాయీ బ్రాహ్మణులను కించపరిచే మాటలు వాడితే కేసు పెట్టవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. చాలామందికి ఆ సంగతే తెలియదు, ఇప్పటికీ నోటికొచ్చినట్టు అంటూనే ఉంటారు. దోసెడు గింజలు పైన వేసి ‘ఒరే’ అనడం కన్నా, వేయకుండా ‘ఏమయ్యా, బాగున్నావా’ అనడం మేలు. రెండూ చేయగలిగితే ఇంకేం కావాలి. కలిగిరిలో ఆ పెద్దమనిషి ‘ఈ రెండూ మీరుంచండి కండక్టరు గారూ’ అని ఉంటే నేను నియమం ప్రకారం తీసుకునేవాణ్ణి కాదు, కానీ అన్నం తినేవాణ్ణి.

నియమం అంటే ఇంకొకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మనవరాలి పుట్టువెంట్రుకలకు తిరుమల పోయాం. కల్యాణకట్టలో అంతా ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వవద్దని రాసి ఉంటుంది. గుండు చేసిన ఆయన బ్లేడు పక్కన పెడుతూ చిన్న గొంతుతో ‘పాపకు మంచిగా చేశాం’ అన్నాడు. అర్థమై కూడా నేను కదల్లేదు. ఎస్సార్లో జేబు డబ్బు రాసిన అలవాటు ఎముకల్లో ఉంది, ఇవ్వొద్దని రాసినచోట ఇస్తే తప్పు అనుకున్నాను. మా కోడలు మాత్రం యాభై రూపాయలు మడిచి ఆయన చేతిలో పెట్టింది. దారి పొడవునా ఆ అమ్మాయి మీద విసుక్కున్నాను. ఇప్పుడు వేరేగా తోస్తోంది. నాకు టిప్పు వద్దని చెప్పిన సంస్థ నాకు నెల నెలా జీతం ఇచ్చింది. రూపాయి తీసుకోవద్దని చెప్పాలంటే ముందు ఆ రూపాయి అవసరం లేనంత కూలి ఇవ్వాలి. భక్తుల తలనీలాల వేలం మీద దేవస్థానానికి ఏటా వంద కోట్లకు పైనే వస్తోంది. 2018 జూన్‌లో మన రాష్ట్రంలో గుండుకు టికెట్టు ఉన్న మిగతా ఆలయాల క్షురకులు కూలి చాలడం లేదని రోడ్డెక్కితే తప్ప గుండు టికెట్టు 25 రూపాయలూ వాళ్లకే అనే మాట రాలేదు. ఆ కోడలికి ఈ ఉత్తరం ద్వారా చెబుతున్నాను, ఆ రోజు నువ్వే సరిగా చేశావమ్మా.

తను నెల్లూరులో ఉంటుంది. అక్కడ ఆడవాళ్ల పార్లర్లలో అద్దాల తలుపులు, ఏసీ, కంప్యూటర్ బిల్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు దిగింది. బిల్లు ఎంత తగ్గిందో గానీ, దారంతో కనుబొమలు తీసే అమ్మాయి జీతం మాత్రం పెరగలేదని మా కోడలు చెప్పింది. తను బిల్లు ఫోన్లో కట్టి, యాభై నోటు వేరేగా ఆ అమ్మాయి చేతికే ఇస్తుంది. కౌంటరు దగ్గర డబ్బా పెట్టి అందరూ పంచుకునే చోట డబ్బాలో వేస్తుంది. అడిగి తెలుసుకుని వేస్తుంది, నాలాగా ఏడాదిన్నర గోడకు కొట్టలేదు.

మా షాపు మూడో కుర్చీ పిల్లవాడి గురించి చెప్పి ముగిస్తాను. ఇరవై రెండేళ్లుంటాయి. రాత్రి షాపులోనే పడుకుంటాడు. తెలుగు పది మాటలు వచ్చు. కత్తెర పని మాత్రం ముగ్గురిలోనూ ఇతనిదే చక్కన, కుర్రకారంతా అతని కోసమే వస్తారు. అయినా అతనికి ఒక్కరూ పైన ఇవ్వడం నేను చూడలేదు. ఆలోచిస్తే తెలిసింది, మనం టిప్పు పనికి ఇవ్వడం లేదు, కబుర్లకు ఇస్తున్నాం. మన వీధి సంగతులు, రాజకీయం, క్రికెట్టు మాట్లాడేవాడి చేతిలో పది పెడతాం. భాష రాక నోరు మూసుకుని శ్రద్ధగా చేసేవాడికి తల ఊపి లేచిపోతాం. నేనూ అంతే చేశాను. ఇప్పుడు ఏ కుర్చీ ఖాళీ అయితే ఆ కుర్చీలో కూర్చుంటున్నాను.

ఓనరుతో మాట్లాడిన పది రోజులకు షాపులో చిన్న మార్పు జరిగింది. గోడ మీద పెద్ద కార్డు ఓనరుది అట్లాగే ఉంది, రేటు దానికే కొట్టాలి. రెండో అద్దం మీద, మూడో అద్దం మీద అగ్గిపెట్టెంత కార్డులు రెండు అతికించాడు, ఎవరి ఎకౌంటుది వాళ్లకు. ‘మీరు చెప్పాకే తోచింది అన్నా, నాకు లెక్క కూడా తేలిక’ అన్నాడు. కావలి, నెల్లూరు, ఒంగోలు షాపుల వాళ్లు ఈ పేపరు చూస్తే ఇది చేయమని మనవి. ఖర్చు ఏమీ లేదు. ఫోన్ లేనివాళ్లు చొక్కా జేబులో రెండు పది నోట్లు వేరేగా పెట్టుకుని పోండి.

ఆ 1,080 రూపాయలు కవర్లో పెట్టి రెండో కుర్చీ కుర్రాడికి తీసుకుపోయాను. ఇది టిప్పు కాదు, నీ బాకీ, టికెట్ వెనక రాసి మరిచిపోయిన బాకీ లాంటిదని చెప్పాను. వద్దు సార్ వద్దు సార్ అని చాలాసేపు అని, చివరికి తీసుకుని లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు. ‘లెక్కపెట్టుకో నాయనా, డబ్బు ఎప్పుడూ లెక్కపెట్టుకునే తీసుకోవాలి’ అన్నాను. అప్పుడు తీసి, నా ఎదురుగా, ఒక్కొక్క నోటూ లెక్కపెట్టుకున్నాడు. సరిపోయింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు,
కావలి, నెల్లూరు జిల్లా.